మారతహళ్లిలోని ఒక విదేశీ విద్యా సలహా కేంద్రం: దరఖాస్తులకు బాగుంది, డబ్బు లెక్కలకు చాలదు

బెంగళూరు మారతహళ్లిలో తెలుగువాళ్లే నడుపుతున్న ఒక విదేశీ విద్యా సలహా కేంద్రానికి మా అమ్మాయి చదువు విషయమై వెళ్లాము. కాలిఫోర్నియాలోని కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్లు చదివి, ఆ తరువాత విశ్వవిద్యాలయానికి బదిలీ కావాలన్నది ఆలోచన. దరఖాస్తు పనిలో వారికి వంక పెట్టడానికి లేదు. మార్కుల పత్రాలు, బ్యాంకు పత్రాలు, విద్యార్థి వీసాకు కాలేజీ ఇచ్చే ఐ-20 పత్రం అన్నీ గడువులోపే పూర్తిచేశారు.

చిక్కల్లా కాలేజీ డబ్బు గురించి వారు చెప్పే తీరులోనే ఉంది. లోపల గోడ నిండా కొత్త సైన్సు భవనాలు, గాజు గోడల లైబ్రరీల ఫొటోలు అంటించారు. వాటిని చూపిస్తూ సీనియర్ సలహాదారు, "ఇవన్నీ అక్కడి గవర్నమెంటు కట్టించినవి సార్, మీ మీద పైసా భారం పడదు" అన్నారు. రెండు మాటల్లో ఏదీ నిలిచేది కాదు.

ఆ భవనాల్లో చాలా భాగం స్థానిక ఓటర్లు ఒప్పుకుని నెత్తిన వేసుకున్న అప్పుతో లేచినవి. ఆ ప్రాంతపు కమ్యూనిటీ కాలేజీలను నడిపే స్థానిక సంస్థ, అంటే కాలేజీ డిస్ట్రిక్టు, బాండ్ల రూపంలో అప్పు తెచ్చే ప్రతిపాదనను బ్యాలెట్‌పై పెడుతుంది. అది నెగ్గితే బాండ్లు అమ్మి డబ్బు తెస్తుంది. ఆ అప్పును డిస్ట్రిక్టు పరిధిలోని ఇళ్లు, స్థలాల యజమానులు ఆస్తిపన్నుతో కలిపి ఏళ్ల తరబడి తీరుస్తారు. పూర్వం ఇందుకు మూడింట రెండు వంతుల ఓట్లు కావలసి వచ్చేది. 2000 నవంబరులో కాలిఫోర్నియా ఓటర్లు ఆమోదించిన ప్రొపొజిషన్ 39 అనే ప్రతిపాదన దానిని 55 శాతానికి తగ్గించి, బదులుగా కొన్ని కట్టుబాట్లు విధించింది. ఏయే పనులు చేస్తారో జాబితా ముందే ప్రకటించాలి, ఏటా ఆడిట్ జరగాలి, పౌరుల పర్యవేక్షణ సంఘం ఉండాలి. కుపర్టినోలో మనవాళ్లకు బాగా తెలిసిన డి ఆంజా కాలేజీ ఉన్న ఫుట్‌హిల్-డి ఆంజా డిస్ట్రిక్టులో 2006లో 49.08 కోట్ల డాలర్ల బాండ్, 2020లో 89.8 కోట్ల డాలర్ల బాండ్ ఇలాగే నెగ్గాయి. మన దేశంలోనూ క్యాంపస్ భవనాలకు అప్పు ఇచ్చే సంస్థ ఉంది. కెనరా బ్యాంకు భాగస్వామ్యంతో 2017లో ఏర్పడిన ఆ 'హెఫా' ఇదే బెంగళూరులో ఉంది, కానీ అందులో ఓటరును అడిగేదేమీ లేదు.

ఈ వివరం తల్లిదండ్రులకెందుకు అని ఆ సీనియర్ గారికి అనిపించి ఉండవచ్చు. అయితే ప్రొపొజిషన్ 39 కింద తెచ్చిన బాండ్ సొమ్మును నిర్మాణానికి, మరమ్మతులకు, పరికరాలకు, స్థలానికి తప్ప అధ్యాపకుల జీతాలకు వాడకూడదు. ఒకవైపు భవనం లేస్తుండగానే మరోవైపు తరగతుల సంఖ్య తగ్గిపోవచ్చు. విద్యార్థి వీసాపై వెళ్లిన పిల్లలు ప్రతి టర్ములోనూ సాధారణంగా 12 యూనిట్లకు (కోర్సులను కొలిచే క్రెడిట్లకు) తగ్గకుండా చదవాలి కనుక, కావలసిన తరగతిలో సీటు దొరకకపోతే బదిలీ వెనక్కి జరుగుతుంది. గోడమీది ఫొటో ఈ సంగతి చెప్పదు.

ఇక పైసా భారం మాట. కాలిఫోర్నియా నివాసులకు ఫీజు యూనిట్‌కు 46 డాలర్లు కాగా, విదేశీ విద్యార్థులకు అది ఎన్నో రెట్లు. దానిపైన నిర్మాణ వ్యయం నిమిత్తం 'క్యాపిటల్ ఔట్‌లే' రుసుము కూడా వసూలు చేసుకునే అధికారం అక్కడి చట్టం డిస్ట్రిక్టులకు ఇచ్చింది. కేంద్రం వారు మాకు ఇచ్చిన ఫీజుల కాగితంలో ఆ వరుసే లేదు. ట్యూషన్ అంటూ ఒకే మొత్తం వేశారు. కాలేజీ సైటులో మాత్రం అది ట్యూషన్ కింద విడిగా కనిపించింది. అడిగితే "అది చిన్న మొత్తమే సార్" అన్నారు. చిన్నదో పెద్దదో డబ్బు కట్టేవాడు చూసుకుంటాడు, కాగితంలో ఉండవలసింది ఉండాలి కదా.

ఈ కేంద్రాన్ని పూర్తిగా కొట్టిపారేయలేకపోవడానికి కారణం అక్కడ కొత్తగా చేరిన అనంతపురం అమ్మాయి. "అంకుల్, ఫొటోలు పక్కన పెట్టండి, ఇది చూడండి" అంటూ ఆ డిస్ట్రిక్టు పర్యవేక్షణ సంఘం వార్షిక నివేదికను తెరమీద తెరిచి, ఏ భవనానికి ఎంత కేటాయించారో, ఎంత ఖర్చయిందో వరుసగా చూపింది. ఆ సంఘంలో ఒక విద్యార్థి, పన్నుదారుల సంఘం నుంచి ఒకరు ఉండాలనీ, కాలేజీ ఉద్యోగులు గానీ కాంట్రాక్టర్లు గానీ ఉండకూడదనీ ఆమే చెప్పింది. ఇంత తెలిసిన మనిషిని ఫోను పలకడానికి కూర్చోబెట్టడం ఆ కేంద్రం లోపమే.

దరఖాస్తు వరకైతే వీరి దగ్గరకు నిస్సంకోచంగా వెళ్లవచ్చు. శనివారాలు రద్దీగా ఉంటుంది; మిగతా రోజుల్లో ముందుగా ఫోను చేసి, ప్రతి రుసుమునూ విడివిడిగా చూపే కాగితం మెయిల్ చేయించుకున్నాకే అడ్వాన్సు కట్టండి.