జాగ్రత్త: ఒకే పిడికి ఐదు పలకలు మార్చుకునే గిలాబా పనిముట్టు కొనేముందు ఇది చదవండి

గిలాబా (గోడలకు ప్లాస్టరింగ్) పనికి "అన్నీ ఇందులోనే" అంటూ కొత్త రకం చేతి పనిముట్టు ఒకటి అమ్ముతున్నారు. ఒక పిడి, దాని అడుగున ఒక గాడి, ఆ గాడిలోకి మార్చి మార్చి తొడుక్కునే పలకలు. నునుపు చేసే స్టీలు పలక, రుద్దడానికి ప్లాస్టిక్ పలక, స్పాంజి, మూలల ముక్క, పాత పెచ్చులు గీకే బ్లేడు అందులో ఉంటాయి. కొన్నింట్లో స్టీలు పలకకే ఒకవైపు టైల్స్ జిగురు కోసమని పళ్ళు కోసి పెడతారు. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. కానీ సిమెంటు మాలుతో (సిమెంటు, ఇసుక, నీళ్ళు కలిపిన ముద్దతో) నిండు గోడలు చేసేవాళ్ళు దయచేసి దీని మీద డబ్బు పెట్టకండి. పనిముట్టు పాడైతే దాని ఖరీదుతో పోతుంది, దాంతో చేసిన గోడ పాడైతే మాలు, కూలి, రోజులు అన్నీ మళ్ళీ పెట్టాలి.

ముందుగా చెడేది గాడి. పెట్టెలోంచి తీసినప్పుడు పలక బిగువుగానే కూర్చుంటుంది. రెండు మూడు సార్లు మార్చేసరికి సన్న ఇసుక లోపలికి చేరి ప్లాస్టిక్‌ను అరగదీయడం మొదలుపెడుతుంది. పలక అర మి.మీ. వదులైతే చేతికి తెలియను కూడా తెలియదు. గాడి వెడల్పు 40 మి.మీ., పలక వెడల్పు 120 మి.మీ. అనుకుంటే ఆ అర మి.మీ. వదులు పలక మీద మూడింతలవుతుంది. అంటే ఒక అంచు కంటే రెండో అంచు 1.5 మి.మీ. పైకో కిందికో ఊగుతుంది. నునుపు పనిలో అంత ఊగితే గోడంతా సన్నటి అలలు పడతాయి. పగటి వెలుతురులో కనిపించవు. పక్కగోడకు దీపం పెట్టినప్పుడు ఒక్కో అల నీడ వేసి బయటపడుతుంది, అప్పటికి రంగు కూడా వేసేసి ఉంటారు.

వదులు కాకపోతే ఇంకో కష్టం. సిమెంటు పాలు గాడిలోకి దిగి రాత్రికి రాయవుతుంది. పొద్దున పలక ఊడదు. సుత్తితో తడితే పలకను పట్టి ఉంచే గొళ్ళెం విరుగుతుంది. గాడి అల్యూమినియందైతే ఇంకా త్వరగా చెడుతుంది, ఎందుకంటే తడి సిమెంటు గట్టి క్షారం, అది అల్యూమినియంను తినేస్తుంది. మాలును లాగి చదును చేసే మన మట్టపు బద్ద కూడా అల్యూమినియందే కదా అని అడగొచ్చు. బద్దను వాడగానే కడిగేస్తాం, దానికి నీళ్ళు చేరని సందు ఉండదు. గాడి లోపలి మూలకు బ్రష్షు వెళ్ళదు, నీళ్ళు పోసినా మాలు కదలదు. అక్కడే తెల్లటి పొడి కట్టి లోహం గుంటలు పడుతుంది.

ఇవన్నీ తయారీలో లోపాలు, రేపు ఎవరైనా మెరుగైన గాడి చేయొచ్చు. అసలు తిరకాసు వేరే ఉంది. గిలాబాలో ఒక్కో దశ పలకను ఒక్కో రకంగా కోరుతుంది, ఆ కోరికలు ఒకదానికొకటి పడవు.

మాలు ఎక్కించేటప్పుడు పలక గట్టిగా ఉండాలి. 12 నుంచి 15 మి.మీ. పొర గోడకు పట్టాలంటే అరచేతి బలం మొత్తం పలక మీదుగా ఇటుక సందుల్లోకి దిగాలి. నునుపు దశలో ఇందుకు పూర్తిగా వ్యతిరేకం, పలక కొద్దిగా వంగుతూ గోడ మీద సాఫీగా జారాలి. స్టీలు రేకు మందం సగమైతే దాని బిగువు ఎనిమిదో వంతుకు పడిపోతుంది. అందుకే మాలు ఎక్కించడానికి 0.7 మి.మీ. చుట్టుపక్కల మందం ఉన్న పలక, చివరి పొరకు 0.3 నుంచి 0.4 మి.మీ. పలక వేరువేరుగా పెట్టుకుంటారు. ఈ కొత్త పనిముట్టులో రెండింటికీ కలిపి 0.5 మి.మీ. రేకు ఒకటి ఇస్తారు. మాలు ఎక్కిస్తే అది వెనక్కి వంగుతుంది, ఒత్తిడి మధ్యలోనే ఆగిపోతుంది, అంచుల దగ్గర మాలు గోడను తాకీ తాకనట్టు ఉండిపోతుంది. ఆరాక అక్కడ తట్టి చూడండి, డొల్ల చప్పుడు వస్తుంది. అలాంటి చోట కొన్నాళ్ళకు బీట వచ్చి పెచ్చు ఊడుతుంది.

రుద్దే దశలో ప్లాస్టిక్ పలక పరిస్థితీ అంతే. బద్దతో లాగాక మిగిలిన ఎత్తుల్ని కోసి పల్లాల్లో నింపడానికి రుద్దుడు చెక్క వంగకుండా నిలవాలి. వంగే పలక ఎత్తు దగ్గర ఎత్తుగా, పల్లం దగ్గర పల్లంగా గోడను అనుసరించి పోతుంది, దేన్నీ సరిచేయదు. పైగా మామూలు చెక్క కొద్దిగా తడిని పీల్చి పైపొరను గరుకుగా విప్పుతుంది, తర్వాతి పొర పట్టుకోవడానికి ఆ గరుకే ఆధారం. నున్నటి ప్లాస్టిక్ దీన్ని చేయలేదు. పాలీయురిథేన్‌తో చేసిన మందపాటి విడి పలకలు మంచివే, వాటిని తప్పు పట్టడం లేదు. ఈ సెట్టులో వచ్చేది పల్చటి గుల్ల ప్లాస్టిక్. ఎండలో ఒక పూట వదిలేస్తే మెలి తిరుగుతుంది, ఇసుక మీద రుద్దితే అంచులు గుండ్రంగా అరిగిపోతాయి.

పలక మార్చడం సులువని గొప్పగా చెబుతారు కదా, ఆ సులువే కొత్తవాళ్ళను దెబ్బతీస్తోంది. స్టీలు పలక చేతికి అందుబాటులో ఉందని మాలు ఇంకా తడిగా ఉండగానే నునుపుకు దిగుతారు. తడి మీద స్టీలు ఆడించిన కొద్దీ సిమెంటు పాలు, నీళ్ళు పైకి తేలుతాయి. అద్దంలా మెరుస్తుంది, చూసి సంతోషిస్తారు. ఆరాక పైన సాలెగూడులాంటి సన్న నెర్రెలు వస్తాయి, వేలితో రుద్దితే పిండి రాలుతుంది, దాని మీద పుట్టీ (రంగుకు ముందు పూసే మెత్తటి పొర) నిలవదు. వేలితో నొక్కితే గుర్తు సన్నగా మాత్రమే పడి వేలికి మాలు అంటకుండా ఉన్నప్పుడే స్టీలు పలక చేతికి తీసుకోవాలి.

సిమెంటుకు బదులు జిప్సం పొడి కలిపి గిలాబా చేసేవాళ్ళకు సమయంతో తంటా. చాలా రకాల జిప్సం కలిపిన 25, 30 నిమిషాల్లో బిగుసుకుపోతుంది. ఆ కొద్ది సేపట్లోనే ఎక్కించాలి, బద్ద లాగాలి, మూలలు తీయాలి, నునుపు చేయాలి. తడి చేతులతో పలక ఊడదీసి, తుడిచి, ఇంకొకటి తొడగడానికి రెండు నిమిషాలనుకుంటే మూడు మార్పులకే ఆరు నిమిషాలు పోతాయి. విడి పనిముట్లయితే ఒకటి నీళ్ళ బకెట్టులో వేసి ఇంకొకటి అందుకోవడమే.

జిప్సంలో తుప్పు సంగతి కూడా చూసుకోవాలి. సిమెంటు క్షారం ఇనుమును తుప్పు నుంచి కొంత కాపాడుతుంది, జిప్సంకు ఆ గుణం లేదు. మామూలు ఉక్కు పలక తడిగా ఉంచితే తెల్లటి గోడ మీద పసుపు చారలు దిగుతాయి. ఈ సెట్లలో కొన్నింటి పలకలు స్టెయిన్‌లెస్ అని ముద్ర వేసి వచ్చినా, పలకను బందుకు (గాడిలో కూర్చునే పట్టీకి) కలిపే రివెట్లు మామూలు ఇనుపవి. చారలు అక్కడి నుంచి మొదలవుతాయి. అన్నట్టు, అయస్కాంతం అంటుకుంటే స్టెయిన్‌లెస్ కాదనే మాట పట్టుకోకండి. గట్టిపరిచిన స్టెయిన్‌లెస్ రకాల్లో కొన్నింటికి అయస్కాంతం అంటుకుంటుంది.

ఇక పళ్ళు కోసిన అంచు. అది ఉన్న పలకకు పనికొచ్చే పొడవాటి అంచు ఒక్కటే మిగులుతుంది. మామూలు పలకను ఒకవైపు అరిగాక తిప్పి వాడతాం, దీనికి ఆ వీలు లేదు. పలకను పైకీ కిందికీ మారుస్తూ ఆడించేటప్పుడు పళ్ళు తడి పొరలో గీతలు గీస్తాయి, తుడిచేటప్పుడు అరచేయి కోసుకుంటుంది. టైల్స్ వేసేవాళ్ళకూ లాభం లేదు, టైలు సైజు మారితే పంటి లోతు మారాలి, ఇందులో ఉన్నది ఒకే కొలత.

బరువు గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. పిడి, గాడి, పలక కలిపి మామూలు పలక కంటే స్పష్టంగా బరువు. సీలింగ్ కింద చేయి ఎత్తి పనిచేస్తే గంటలోనే మణికట్టు చెబుతుంది.

పుట్టీ పని చేసే పెయింటర్లు మాత్రం దీన్ని మెచ్చుకుంటున్నారు, వాళ్ళ మాట అబద్ధం కాదు. ఒకటి రెండు మి.మీ. పుట్టీలో ఇసుక ఉండదు, ఒత్తిడి అక్కర్లేదు, గాడి చెడదు. స్విచ్‌బోర్డుల చుట్టూ, పైపు కన్నాల దగ్గర చిన్న అతుకులకు సాగుతుంది. అయితే అమ్మేవాళ్ళ వీడియోలన్నీ ఈ పుట్టీతోనే తీసినవని గమనించండి. చదునుగా ఉన్న చిన్న బోర్డు ముక్క, వెన్నలాంటి మెత్తటి మిశ్రమం, పలక మార్చే చోట కట్ చేసిన వీడియో. ఇటుక గోడ మీద ఇసుక మాలు ఎక్కిస్తూ ఆపకుండా చూపించమని అడగండి. మెచ్చుకుంటూ రాసిన అభిప్రాయాల తేదీలూ చూడండి, సరుకు అందిన రెండు రోజుల్లో రాసినవాటితో గాడి సంగతి తేలదు.

అయినా కొనాలనుకుంటే, లేదా ఇప్పటికే ఇంటికి వచ్చేసి ఉంటే, తడపకముందే ఈ పరీక్షలు చేయండి. పలకను గాజు మీద బోర్లా పెట్టి ఎదురెదురు మూలల్ని వేళ్ళతో మార్చి మార్చి నొక్కండి. కుంటి పీటలా ఊగితే పలక మెలి తిరిగి ఉంది, సరిచేయడం కుదరదు. స్టీలు స్కేలు అంచును పలక మీద నిలబెట్టి వెలుతురుకు ఎదురుగా చూడండి. మధ్యలో సమానంగా కొద్దిపాటి ఉబ్బు ఉంటే పరవాలేదు, కొన్ని పలకలను కావాలనే అలా చేస్తారు. మధ్యలో గుంట ఉంటే వద్దు. ఒక మూలను వేలితో కొద్దిగా వంచి వదలండి, తిరిగి నిటారుగా రాకపోతే రేకు మెత్తటిది. పలక ముఖం మీద గోరుతో నిమిరి చూడండి, రివెట్టు తల తగిలితే అది గోడ మీద గీతై కనిపిస్తుంది. చివరగా పిడి గట్టిగా పట్టుకుని రెండో చేత్తో పలక అంచును పైకీ కిందికీ ఆడించండి, కొత్తదే టక్కుమని శబ్దం చేస్తే ఇక ముందు పెరగడమే తప్ప తగ్గదు.

వాడక తప్పనివాళ్ళు ఒకే పలకను తొడిగి పని మధ్యలో దాన్ని మార్చకుండా ఉంచేయండి. తొడిగేముందు గాడిలో పల్చగా గ్రీజు రాయండి, సిమెంటు పాలు పట్టుకోదు. గ్రీజు పలక ముఖానికి అంటకుండా చూసుకోండి, అంటితే గోడ మీద రంగు పట్టదు. సాయంత్రం పలక ఊడదీసి గాడిని పాత టూత్‌బ్రష్షుతో కడిగి, ఆరబెట్టి విడిగా దాచండి.

కొత్తగా పని మొదలుపెట్టేవాళ్ళు ఇదే డబ్బును విడి పనిముట్లకు పెట్టండి. ఒక తాపీ, 280 మి.మీ. పొడవున్న గట్టి స్టీలు పలక, మందపాటి రుద్దుడు చెక్క, రెండు మీటర్ల మట్టపు బద్ద ముందు కావాలి. పల్చటి నునుపు పలక, మూల తాపీలు తర్వాత పని చూసుకుని కొనుక్కోవచ్చు.

వెనక్కి ఇచ్చేద్దామనుకునేవాళ్ళకు ఒక మాట. ఒక్కసారి మాలు తగిలితే "వాడిన సరుకు" అని అమ్మేవాళ్ళు తీసుకోరు, పలక వదులుగా ఉందన్నా వినరు. పెట్టె తెరిచేటప్పుడే వీడియో తీయండి, గాజు మీద పలక ఊగడం, అంచు ఆడడం స్పష్టంగా కనిపించాలి. పలకకు అంటించిన పల్చటి ప్లాస్టిక్ కాగితాన్ని అప్పటిదాకా పీకకండి.