తడి సున్నమా, వేడి మైనమా?

రోమన్ పద్ధతిలో బొమ్మ వేయాలనుకునేవాళ్లకు మొదట వచ్చే డౌట్ ఇదే: ఫ్రెస్కోనా (తడి సున్నం పూత మీద రంగు వేయడం), ఎన్‌కాస్టిక్‌నా (రంగు కలిపిన వేడి మైనంతో వేయడం)?

సరుకు: ఫ్రెస్కోకు సున్నం, ఇసుక, రంగుపొడి. ఎన్‌కాస్టిక్‌కు తేనెమైనం, రంగుపొడి, చెక్కపలక, నిప్పు.

శ్రమ: ఫ్రెస్కోదే ఎక్కువ. రోమన్ వాస్తుశిల్పి విట్రూవియస్ ఇసుక సున్నం మూడు పూతలు, పాలరాతి పొడితో మరో మూడు వేయమన్నాడు.

రిస్క్: ఫ్రెస్కోలో పూత ఆరేలోపే రంగు పడాలి. తప్పు పడితే ఆ ముక్క చెక్కేయాల్సిందే. మైనాన్ని మళ్లీ వేడిచేసి సరిదిద్దుకోవచ్చు. గోడ మీద ఇంగిలీకం (పాదరసపు ఖనిజం) ఎరుపుతో మాత్రం జాగ్రత్త! రోమ్‌లో ఫబేరియస్ అనే గుమాస్తా ఇంటి గోడలకు అదే వేయించుకుంటే, వెలుతురు తగిలి 30 రోజుల్లో రంగు పాడైందట. దానికి మందుగా విట్రూవియస్ చెప్పిందీ మైనం పూతే.

మన్నిక: సున్నం గాలి పీల్చి రాయిలా మారి రంగును పట్టేస్తుంది. క్రీ.శ. 79లో అగ్నిపర్వతం బూడిద కింద పడ్డ రోమన్ పట్టణం పాంపేయి గోడలు అందుకే ఇంకా మాట్లాడుతున్నాయి.

పెద్ద గోడ, తోడుగా మనుషులు ఉంటే ఫ్రెస్కో. ఒక్క ముఖం వేయాలంటే నా ఓటు మైనానికే. ఈజిప్టులో రోమన్ల కాలంలో మమ్మీలకు అమర్చిన ఫయూమ్ ముఖచిత్రాల్లో ఆ కళ్ల తడి చూడండి, పక్కనే మైనంలో గీతలు కూడా కనిపిస్తాయి.