కడప బండ మీద పలచటి గ్రానైట్: ఆరేళ్లు వండాక చెబుతున్నాను

మాది పాలకొల్లు పక్కన పల్లెటూరు. 1994లో మా మావయ్యగారు కట్టించిన ఇల్లు. అప్పట్లో మా వైపు వంటగట్టు అంటే కడప బండే. పాతికేళ్లు దాని మీదే వండాను. చేపల పులుసు చిందిన చోటల్లా నునుపు పోయి బూడిదరంగు మచ్చలు తేలాయి. అంచులు పొరలు పొరలుగా పెచ్చులూడాయి. కడప రాయి సున్నపురాయి జాతి, పులుపు తగిలితే తినేస్తుంది. మా ఇళ్లలో చింతపండు, నిమ్మకాయ, గోంగూర లేని రోజు ఉండదు కదా, ఇక రాయి ఏం నిలుస్తుంది?

మార్చేద్దామంటే బండ గోడలోకి దిగి ఉంది. పగలగొడితే గోడ టైల్స్ పోతాయి, కింద అరల బండలు కదులుతాయి, వారం రోజులు ఇల్లంతా దుమ్ము. మా అత్తయ్యగారికి ఆయాసం. ఆ దుమ్ములో ఆవిడని ఉంచడం నావల్ల కాదనిపించింది. అందుకే 2019 మే నెలలో పాత గట్టు అలాగే ఉంచి, దాని మీద 12 ఎం.ఎం. మందం బ్లాక్ గెలాక్సీ అనే నల్ల గ్రానైట్ అతికించుకున్నాం. మామూలుగా గట్లకి వేసేది 18, 20 ఎం.ఎం. రాయి. పలచటిది చదరపు అడుగుకి మూడు కిలోల పైచిలుకు తూగుతుంది. మా గట్టు 26 చదరపు అడుగులు, అంటే పాత బండ మీద అదనంగా పడిన రాయి బరువు దాదాపు 85 కిలోలు.

రాయి ఒంగోలు దగ్గర చీమకుర్తిది. నలుపులో బంగారు రవ్వల్లా మెరిసేవి బ్రాంజైట్ అనే ఖనిజం పలుకులు. దీన్ని గ్రానైట్ అని అమ్ముతారు గానీ, భూగర్భ శాస్త్రం లెక్కలో ఇది గాబ్రో జాతి రాయి. మనకి కావలసిందల్లా అందులో పులుపుకి కరిగే సున్నపురాయి లేకపోవడం. షాపులో ముక్క అడిగి ఇంటికి తెచ్చుకున్నాను. ఒక మూల నిమ్మరసం, ఇంకో మూల చింతపండు గుజ్జు, మధ్యలో నువ్వులనూనె వేసి రాత్రంతా వదిలేశాను. పొద్దున తుడిస్తే ఏమీ లేదు. నెయిల్ పాలిష్ తుడిచే ద్రవంలో తెల్లగుడ్డ ముంచి గట్టిగా రుద్ది కూడా చూశాను. నల్లరంగు పూసిన రాయైతే గుడ్డకి మసి అంటుతుంది. మా ముక్కకి అంటలేదు. రాయి కొనే ముందు ఈ రెండూ తప్పకుండా చేయండి, పది రూపాయల ఖర్చు కూడా ఉండదు.

మా ఆడపడుచు వాళ్లు భీమవరంలో ఇదే పద్ధతిలో తెల్ల మార్బుల్ పలకలు వేయించారు. మొదటి నెలలోనే నిమ్మచెక్క పెట్టిన చోట గుండ్రంగా మెరుపు పోయింది. అది మరక కాదు, రాయి పైపొరే పోయింది. తుడిస్తే పోయేది కాదు, మళ్లీ పాలిష్ పట్టించాల్సిందే. పైగా కింద వేసింది బూడిదరంగు గమ్, అంటే రాయిని అతికించే జిగురు. పలచటి తెల్లరాయి కదా, గమ్ చారలు పైకి నీడల్లా కనిపిస్తున్నాయి. లేతరంగు రాయి కింద తెల్ల గమ్మే వేయాలని వాళ్లకి ఎవరూ చెప్పలేదు పాపం.

ఖర్చు మొత్తం 13,000 చిల్లర అయింది. అందులో రాయి ఐదువేల లోపే. మిగతాది కోత, అంచు పాలిష్, గమ్, మేస్త్రి కూలి, ప్లంబర్.

ఇక అసలు విషయం. ఈ ఆరేళ్లలో రాయి వల్ల నాకు ఒక్క ఇబ్బంది రాలేదు. వచ్చిన ఇబ్బందంతా దాని కింద పనివల్ల వచ్చింది.

పాతికేళ్ల జిడ్డు తాగిన బండకి గమ్ అంత తేలిగ్గా పట్టదు. మా మేస్త్రిగారు మొదటిరోజు కాస్టిక్ సోడా నీళ్లతో రెండుసార్లు కడిగించి, ఎండనిచ్చి, కటింగ్ మెషీన్‌తో బండ మీద అడ్డదిడ్డంగా గీతలు పెట్టారు. పొయ్యి వైపు సగం, పళ్ల తాపీతో గమ్ సమంగా పరిచి, రాయి వెనక కూడా పలచగా పూసి అతికించారు. ఆ సగం ఈనాటికీ కొడితే గట్టిగా ‘టక్’మంటుంది. రెండోరోజు ఆయన రాలేదు, ఇంకొకరిని పంపారు. సింక్ వైపు సగానికి ఆ కుర్రాడు గమ్‌ని పకోడీ పిండిలా ముద్దలు ముద్దలుగా పెట్టి, పైన రాయి వేసి అదిమేశాడు. నేను వంటపనిలో ఉండి చూసుకోలేదు. ముద్దకీ ముద్దకీ మధ్య ఖాళీ ఉండిపోయింది.

రెండో వానాకాలంలో బయటపడింది. గోడకీ రాయికీ మధ్య సందు మూసిన సిలికాన్ నల్లబడి ఒకచోట ఊడొచ్చింది. అక్కడినుంచి నీళ్లు కిందికి దిగాయి. అంచు వెంబడి ఉప్పు పేరుకున్నట్టు తెల్లటి పొడి. వేలితో కొడితే కుండ మీద కొట్టినట్టు డొల్ల శబ్దం. మా గాలిలో తేమ సంగతి తెలిసిందే, ఒకసారి దిగిన తడి ఆరదు. అలా ఉండగానే కార్తీకమాసంలో ఇంటికొచ్చిన చుట్టాలబ్బాయి ఒకడు సరిగ్గా అక్కడే కొబ్బరికాయ కొట్టాడు. కోనసీమ పిల్లాడు, కొబ్బరికాయ ఎక్కడైనా కొడతాడు. కడప బండ మీద మేం వేలకాయలు కొట్టాం, ఏమీ కాలేదు. ఈసారి జానెడు పొడుగున వెంట్రుక వాసి పగులు వచ్చింది. ఆ పిల్లాడి తప్పు ఏమీ లేదు. కింద ఆనిక ఉంటే 12 ఎం.ఎం. రాయి ఆ దెబ్బకి ఆగేది. ఖాళీ మీద ఉంటే పలక విరిగినట్టు విరుగుతుంది.

బాగుచేయడానికి వచ్చిన పెద్దమేస్త్రిగారి పని చూసి తీరాలి. రూపాయి బిళ్లతో అంగుళం అంగుళం కొట్టుకుంటూ, డొల్ల పలికిన మేరా సుద్దముక్కతో గీసుకుంటూ పోయారు. భోజనం పళ్లెమంత తేలింది. “ముందు ఆరాలమ్మా, తడిమీద ఏది పోసినా పట్టదు” అని పది రోజులు సింక్ వాడొద్దన్నారు. అంట్లు పెరట్లో బోరు దగ్గర తోముకున్నాం. తర్వాత గోడ పక్క సందులో రెండు సన్నటి రంధ్రాలు పెట్టి, ఒకదాంట్లోంచి సిరంజీతో ఎపాక్సీ అనే, ఆరాక గట్టిపడే పలచటి జిగురు ఎక్కించారు. రెండో రంధ్రంలోంచి అది పైకి ఉబికేదాకా ఆపలేదు. పైన పాతిక కిలోల బియ్యం మూట పెట్టి తెల్లారేదాకా కదపవద్దన్నారు. పగులులో నల్లరంగు కలిపిన ఎపాక్సీ నింపి బ్లేడుతో గీకారు. ఇప్పుడు గోటితో రాస్తే తగలదు. సాయంత్రం పడమటి కిటికీలోంచి ఎండ ఏటవాలుగా పడ్డప్పుడు మాత్రం సన్నటి గీత కనిపిస్తుంది. రోజూ చూస్తాను, ఇంతవరకు పెరగలేదు.

వేయించుకునేవాళ్లకి ఇంకొన్ని సంగతులు. గట్టు దాదాపు 16 ఎం.ఎం. ఎత్తు పెరుగుతుంది. వంటకి తేడా తెలియదు గానీ, సింక్ తీసి మళ్లీ పైకి అమర్చాక కింద గొట్టం అందలేదు. రాత్రి ఏడింటికి ప్లంబర్ కోసం పరుగెత్తాం. ముందే చెప్పి పెట్టుకోండి. పొయ్యి గట్టులో దింపేవాళ్లు రాయి కోతలో మూలలు గుండ్రంగా తీయించాలి, చదరంగా కోస్తే ఆ మూలనుంచే పగులు మొదలవుతుంది. ముందు అంచుకి పట్టీ అతికించి మందం దాచేస్తారు. ఆ అంచు అడుగున సన్నటి గాడి కొట్టించుకోండి. గాడి ఉంటే పైనుంచి కారిన నీళ్లు అక్కడే చుక్కలుగా రాలిపోతాయి, లేకపోతే అడుగునుంచి పాకి కింద చెక్క తలుపుల్లోకి పోతాయి.

ఆవకాయ రోజున ఆవపిండి, కారం, నూనె కలిసి గట్టంతా ఎర్రగా అయినా, మర్నాడు గుడ్డ పెట్టి తుడిస్తే మళ్లీ అద్దమే. పులసల కాలంలో పులుసు కుండ పొయ్యి దించి నేరుగా రాయి మీద పెట్టను, కుదురు వేస్తాను. రాయి కాలిపోతుందని కాదు, ఒకేచోట ఒక్కసారిగా వేడెక్కితే పలచటి రాయికి మంచిది కాదు. నాకు నిజంగా విసుగు తెప్పించేది ఒకటే, బోరు నీళ్ల తెల్ల పొర. కుళాయి చుట్టూ నల్లరాయి మీద కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. రాత్రి పడుకునే ముందు పొడిగుడ్డతో తుడిస్తే రాదు, రెండు రోజులు మానేస్తే వచ్చేస్తుంది. బాత్రూం కడిగే యాసిడ్ మాత్రం దీని దగ్గరికి రానివ్వను. రాయి సంగతి ఎలా ఉన్నా సందుల్లో గమ్‌నీ, స్టీలు సింక్‌నీ అది పాడుచేస్తుంది.

మీ పాత గట్టు గట్టిగా ఉంటే ధైర్యంగా వేయించుకోండి. ఈ చివరనుంచి ఆ చివరకి దారం లాగి పట్టి చూడండి. మధ్యలో గట్టు కిందికి జారి ఉన్నా, బండకి ముందే పగులున్నా వద్దు. మా డెల్టా నల్లమట్టి వానకి ఉబ్బి ఎండకి కుంగుతుంది, దాంతోపాటు గోడలూ గట్లూ కదులుతాయి. పాత పగులు కొత్త రాయిలోకి పాకి వస్తుంది. అలాంటి గట్టుకి పగలగొట్టి కొత్తగా కట్టుకోవడమే దారి. పని మాత్రం వేసవిలోనే పెట్టుకోండి, అతికించే రెండు పూటలూ పక్కనే నిలబడి తాపీ పని చూడండి.

నేనైతే మళ్లీ ఇదే చేయిస్తాను. సింక్ పక్క సిలికాన్ ఒకచోట మళ్లీ రంగు మారింది. గీకేసి కొత్తది వేయమని నిన్ననే పెద్దమేస్త్రిగారికి ఫోన్ చేశాను, ఆదివారం వస్తానన్నారు.