ఒకే దారానికి రెండు ముళ్లు: మంచు మీద 6 శీతకాలాలు

మిషిగన్ రాష్ట్రంలోని సెయింట్ క్లెయిర్ సరస్సు గడ్డకట్టిన నెలల్లో, ఆంకర్ బే వైపు మంచుకు రంధ్రం తొలిచి ఎల్లో పెర్చ్ చేపలు పట్టడానికి నేను 6 శీతకాలాలుగా వాడుతున్నది ఇంట్లో స్వయంగా కట్టుకున్న రెండు ముళ్ల గాలం. 4 పౌండ్ల బరువు ఆపగల నైలాన్ దారం చివర చిన్న సీసపు గుండు, దానికి జానెడు పైన ఒక ముల్లు, మరో జానెడున్నర పైన ఇంకొకటి ఉంటాయి. రెండూ 8వ నంబరు ముళ్లే, దారంలోనే ముడివేసిన రెండంగుళాల ఉచ్చులకు తగిలించినవే.

ఇక్కడి నిబంధన ప్రకారం ఒక్కొక్కరు 3 దారాల వరకు వేయవచ్చు గాని, అన్నింటి మీదా కలిపి ముళ్లు 6కు మించరాదు. కృత్రిమ ఎరకు ఎన్ని ముళ్లున్నా అది ఒక్కటిగానే లెక్కకు వస్తుంది. నేను రెండు కర్రలకు రెండేసి ముళ్లు, చేప లాగగానే జెండా లేచే టిప్‌అప్‌కు ఒక ముల్లు పెడతాను కనుక లెక్క 5 దగ్గరే ఆగుతుంది. ఆ టిప్‌అప్ మీద పేరు, చిరునామా రాసి ఉండాలన్న సంగతి కొత్తవారు తరచూ మరచిపోతారు. సరస్సు మధ్యగా పోయే సరిహద్దు దాటితే కెనడాలోని ఒంటారియో నిబంధనలూ, అక్కడి లైసెన్సూ వేరు.

ఈ గాలం చేపలను రెట్టింపు చేస్తుందనుకుంటే నిరాశే. పెర్చ్ అడుగునే తిరుగుతుంది కాబట్టి నాకు పడినవాటిలో ఎక్కువ భాగం కింది ముల్లుకే పడ్డాయి. అయితే పైన మైనపు పురుగును, కింద చిరుచేపను గుచ్చితే, ఆ పూట వాటికి ఏది రుచిస్తున్నదో త్వరగా తెలిసిపోతుంది. నా దృష్టిలో దీని అసలు ప్రయోజనం అదే.

లోపం మాత్రం చిన్నది కాదు. పై ముల్లుకు చేప పడి, దానిని పైకి లాగుతుండగా, ఖాళీగా ఉన్న కింది ముల్లు రంధ్రం అడుగు అంచున మంచులో దిగబడిపోతుంది. మొదటి ఏడాది అలా పోగొట్టుకున్న చేపలను తలచుకుంటే ఇప్పటికీ చివుక్కుమంటుంది. మంచు తొలిచే 6 అంగుళాల బర్మా వదిలి 8 అంగుళాలది వాడటం మొదలుపెట్టాక ఆ బెడద చాలావరకు తగ్గింది, తొలిచే శ్రమ మాత్రం పెరిగింది. దారాన్ని ఒక్కసారిగా వదిలితే ఉచ్చులు చుట్టుకుంటాయి; గుండు అడుగు తాకేదాకా నిదానంగా దించాలి.

పిల్లలు వెంట వచ్చిన రోజున పై ముల్లు తీసేస్తాను. రోజుకు పెర్చ్ పరిమితి ఎలాగూ 25. ఆ చలిలో చిన్న చేతితొడుగుకు గుచ్చుకున్న ముల్లును విప్పడం కన్నా నాలుగు చేపలు తగ్గడమే మేలు.