పాటల డబ్బాలో నాలుగు రోజుల హైదరాబాద్

హైదరాబాద్‌లో ఏటా జరిగే నుమాయిష్ ఎగ్జిబిషన్ చూపించమని మా ఆవిడ రెండేళ్ళుగా అడుగుతోంది. ఈ జనవరికి కుదిరింది. రాజమండ్రిలో రాత్రి బండెక్కి పొద్దున్నే సికింద్రాబాద్‌లో దిగాం. ల్యాప్‌టాప్ తీసుకెళ్ళాలా వద్దా అన్నది ఇంట్లోనే తేలిపోయింది. "మోసేది మీరే కదా, మీ ఇష్టం" అంది. ఆ మాటకి అర్థం ఏమిటో పెళ్ళయిన వాళ్ళకి చెప్పక్కర్లేదు.

ఇబ్బందల్లా ఫోటోలతోనే. కెమెరాకి 16 జీబీ కార్డులు రెండే ఉన్నాయి, కుదించకుండా దాచే రా ఫైలు ఒక్కోటి పాతిక ఎంబీ. ఫోనేమో ఎప్పుడో నిండిపోయింది. అప్పుడు గుర్తొచ్చింది, బీరువాలో మా బావ అమెరికా నుంచి తెచ్చిన ఐపాడ్ క్లాసిక్, పాటలు వినే ఆపిల్ డబ్బా, 160 జీబీది. ఆపిల్ వాళ్ళు 2014లోనే దాన్ని అమ్మడం ఆపేశారు గానీ, లోపల ఉన్నది అచ్చమైన హార్డ్‌డిస్కే, కాకపోతే 1.8 అంగుళాల బుల్లిది. ఐపాడ్‌లోకి పాటలెక్కించే ఐట్యూన్స్ ప్రోగ్రాంలో 'ఎనేబుల్ డిస్క్ యూజ్' దగ్గర టిక్కు పెడితే చాలు, ఏ కంప్యూటర్‌కి తగిలించినా పెన్‌డ్రైవ్‌లా కనిపిస్తుంది. పాటల జోలికి పోకుండా పక్కన ఒక ఫోల్డర్ చేసుకుని మన ఫైళ్ళు పడేసుకోవచ్చు. నాది విండోస్‌లో ఫార్మాట్ చేసింది, అంటే ఫ్యాట్32 అనే పాత పద్ధతిది. 4 జీబీ దాటిన వీడియో ఒక్కటీ అందులో పట్టదు. అలా వేసుకున్న ఫోటోలు ఐపాడ్ తెర మీద కనపడవు కూడా. అన్నిటికంటే పెద్ద చిక్కు, కార్డుకీ దీనికీ మధ్య ఒక కంప్యూటర్ ఉండి తీరాలి. అందుకే ఈసారి బస చేసిన ప్రతిచోటా వేణ్ణీళ్ళ సంగతి మా ఆవిడ అడిగితే, కంప్యూటర్ సంగతి నేను అడిగాను.

స్టేషన్ ఎదురు సందులో లాడ్జి, రోజుకి 1,400. గది చిన్నదే, దుప్పట్లు శుభ్రం. ఉన్న ఒక్క ప్లగ్గూ మంచం వెనకాల. బ్యాగు విప్పితే తెలిసింది, ఐపాడ్ కేబుల్ ఇంట్లోనే ఉండిపోయింది! ఇప్పటి టైప్-సి కాదు, దానికి ముందొచ్చిన ఐఫోన్ల లైట్నింగ్ కూడా కాదు, 30 పిన్నుల వెడల్పాటి పాత కేబుల్. నడిచి పార్క్‌లేన్‌లో కంప్యూటర్ షాపులుండే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్ళాం. మొదటి షాపువాడు నవ్వాడు. రెండోవాడు కొత్త ఇయర్‌ఫోన్లు చూపించాడు. మూడోవాడు తల కూడా ఎత్తలేదు. నాలుగో షాపులో పెద్దాయన ఐపాడ్‌ని చేతిలోకి తీసుకుని, బొటనవేలితో ఆ గుండ్రటి చక్రం మీద రెండు చుట్లు తిప్పి, "ఇవి బాగ అమ్మినం సార్ ఒకప్పుడు" అంటూ కింది డ్రాయరు మొత్తం బల్ల మీద కుమ్మరించాడు. అడుగున దొరికింది, తెలుపు పసుపైపోయిన కేబుల్. 150 రూపాయలు. బేరం ఆడబుద్ధి కాలేదు.

ఆ సాయంత్రం నుమాయిష్. సికింద్రాబాద్ ఈస్ట్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, గాంధీభవన్‌లో దిగితే నడక దూరమే. కారులో వెళ్ళి పార్కింగ్ కోసం తిరిగేకంటే ఇది వెయ్యి రెట్లు నయం. ఈ ఎగ్జిబిషన్ 1938 నుంచీ జరుగుతోంది, మామూలుగా జనవరి 1న మొదలై ఫిబ్రవరి 15 దాకా ఉంటుంది. కశ్మీరీ శాలువాల దగ్గర మా ఆవిడ, మిర్చీబజ్జీల మూకుడు దగ్గర నేను. 400 పైన ఫోటోలు తీశాను.

లాడ్జి మేనేజరు తన కంప్యూటర్‌లో ఏదీ పెట్టనివ్వనన్నాడు. బుకింగులన్నీ అందులోనే ఉంటాయట, అతని భయం న్యాయమైందే. సందు చివర జిరాక్స్ షాపు చూపించాడు. ఊరుపేరు తెలియని కంప్యూటర్ కదా, ముందు కార్డు పక్కనుండే లాక్ మీటని కిందికి లాగాను, దాని మీద ఏదీ రాయకుండా. "అన్నా, పాటల డబ్బల ఫోటోలెట్ల పోతయే?" అని షాపు కుర్రాడు కుర్చీ జరుపుకుని మరీ చూశాడు. సగం అయ్యిందో లేదో కరెంటు పోయింది. కంప్యూటర్ చచ్చింది, ఐపాడ్ మాత్రం తన బ్యాటరీతో వెలుగుతూనే ఉంది. పది నిమిషాలకి కరెంటొస్తే మళ్ళీ మొదలుపెట్టి, ఉన్నవాటిని ఏం చేయాలని విండోస్ అడిగితే 'స్కిప్' నొక్కాను. చివర్లో లెక్క చూసుకున్నాను, అటు 412, ఇటు 412. నిశ్చింతగా లాడ్జికొచ్చి కార్డు ఖాళీ చేశాను.

తప్పు అక్కడే జరిగింది. కరెంటు పోయినప్పుడు సగం రాసిన ఫైళ్ళకీ పేరుంటుంది, లెక్కలోకీ వస్తాయి, 'స్కిప్' అంటే వాటిని అలాగే వదిలేస్తుంది. చూడాల్సింది సంఖ్య కాదు, ఫోటోలు తెరుచుకుంటున్నాయా లేదా అని.

మర్నాడు గోల్కొండ. ఫతే దర్వాజా కింద చప్పట్లు కొట్టి కొండ కొసన ఉన్న బాలాహిస్సార్ ఎక్కాం, మోకాళ్ళు గుర్తుపెట్టుకున్నాయి. మూడోరోజు లక్డీకాపూల్ హోటల్‌కి మారాం, 3,200. అతిథుల కోసం విడిగా కంప్యూటర్ పెట్టారు, 16 జీబీ అరగంటలో ఎక్కేసింది. కానీ గదిలో తాళం కార్డు గుచ్చితేనే కరెంటు. ఛార్జింగ్ పెట్టి సాలార్‌జంగ్ మ్యూజియంకి వెళ్ళొస్తే కెమెరా బ్యాటరీ ఎక్కడున్నది అక్కడే ఉంది. మ్యూజియంలో గంటలు కొట్టే బొమ్మ గడియారం దగ్గరికి పన్నెండుకి పావుగంట ముందే వెళ్ళండి, పన్నెండు దెబ్బలూ వినొచ్చు. శుక్రవారం సెలవు.

ఆఖరి రాత్రి మల్కాజిగిరిలో మా పిన్ని ఇంట్లో. మిగతా ఫోటోలకి తమ్ముడి కంప్యూటర్‌కి తగిలించగానే ఐట్యూన్స్ దానంతటదే తెరుచుకుని, ఈ ఐపాడ్ వేరే లైబ్రరీది, చెరిపేసి సింక్ చేయమంటావా అంది. వాడి వేలు మౌస్ మీదే ఉంది. "ఒరేయ్, ఆగరా!" అన్న నా కేకకి వంటింట్లోంచి పిన్ని పరిగెత్తుకొచ్చింది. నిజానికి ఆ మీట పాటల్నే చెరుపుతుంది, మన ఫోల్డర్‌ని ముట్టదు. 'రీస్టోర్' అంటేనే సర్వం పోయేది. ఆ క్షణంలో అవన్నీ ఎవరికి గుర్తుంటాయి!

తిరుగు ప్రయాణంలో కార్డులు మా ఆవిడ హ్యాండ్‌బ్యాగులో, ఐపాడ్ నా చొక్కా జేబులో. రెండూ ఒకే సంచిలో ఉంటే బ్యాకప్ అన్న మాటే దండగ. ఇంటికొచ్చి చూస్తే ఏడు ఫోటోలు తెరుచుకోలేదు. అన్నీ ఆ మిర్చీబజ్జీలవే. శాలువాలవి ఒక్కటీ పోలేదు, మా ఆవిడ వాటిని వరసగా వాళ్ళ అక్కకి పంపుతోంది.