రక్తంలో క్యాండిడా: కాస్పోఫంజినా, లైపోసోమల్ ఆంఫోటెరిసినా?

కీమోథెరపీతో తెల్లరక్తకణాలు పడిపోయిన రోగి బ్లడ్ కల్చర్‌లో ఈస్ట్ (క్యాండిడా లాంటి ఏకకణ ఫంగస్) కనిపిస్తే, దాని జాతి తేలేదాకా ఆగకూడదు. మందు ఆ రోజే పడాలి.

ఫంగస్ మందులు రెండింటిలో మా మొగ్గు ముందు కాస్పోఫంజిన్ వైపే. తొలిరోజు 70 మి.గ్రా., తర్వాత రోజుకు 50. కిడ్నీల జోలికి పెద్దగా పోదు. లివర్ ఓ మోస్తరుగా దెబ్బతిని ఉంటే 50ని 35కు తగ్గిస్తారు. మామూలుగా వాడే ఫంగస్ మందు ఫ్లుకోనజోల్‌కు లొంగని క్యాండిడా ఆరిస్ మన దేశపు ఐసీయూల్లో ఉంది, దానిమీద కూడా ఎక్కువసార్లు ఇది పనిచేస్తుంది. అయితే కంటిలోకి, మెదడులోకి, మూత్రంలోకి సరిగా చేరదు. ఆ ఈస్ట్ క్యాండిడా కాక క్రిప్టోకాకస్ అనే మరో రకమైతే దీనివల్ల ఫలితమే ఉండదు.

మెదడుకు పాకినా, క్రిప్టోకాకస్ అనుమానం ఉన్నా లైపోసోమల్ ఆంఫోటెరిసిన్-బీ (సన్నని కొవ్వు బుడగల్లో ఉంచిన ఆంఫోటెరిసిన్) కావాలి. కిలోకు 3 నుంచి 5 మి.గ్రా. అరవై కిలోల మనిషికి తక్కువలో తక్కువ 180, అంటే రోజుకు 50 మి.గ్రా. వయల్స్ నాలుగు, ఖర్చు బాగా ఎక్కువ. క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే పరీక్ష), పొటాషియం, మెగ్నీషియం తరచూ చూడాల్సిందే.

పొరపాటు ఎక్కువగా జరిగేది మందు కలిపే దగ్గర. కాస్పోఫంజిన్‌ను సెలైన్ (ఉప్పునీటి ద్రావణం)లో కలపాలి, డెక్స్‌ట్రోజ్ (చక్కెర ద్రావణం) పనికిరాదు. ఆంఫోటెరిసిన్‌కు సరిగ్గా తిరగేసి: 5 శాతం డెక్స్‌ట్రోజే, సెలైన్ తగిలితే విరిగిపోతుంది. అందుకే లైన్‌ను (మందు నరంలోకి ఎక్కే గొట్టాన్ని) కూడా ముందు డెక్స్‌ట్రోజ్‌తోనే కడగాలి. లైపోసోమల్ డోసును మామూలు ఆంఫోటెరిసిన్ వయల్‌తో ఇస్తే ప్రాణమే పోవచ్చు. పెట్టెమీద పేరు ఇద్దరు చదవాలి.

రక్తంలో క్యాండిడాకు ఏ మందైనా, కల్చర్ నెగెటివ్ వచ్చిన రోజునుంచి కనీసం 14 రోజులు.