కొత్త గ్రంజ్ బ్యాండు కోసం: యాప్ సలహా మేలా, అట్ట వెనుక పేర్లు మేలా?

గ్రంజ్ అంటే అమెరికాలోని సియాటిల్ నగరం పేరుతో ముడిపడిన, మోత గిటార్ల రాక్ సంగీతం. అనంతపురంలో ఉంటూ దాని కచేరీ చూడాలంటే బెంగళూరు బస్సు ఎక్కవలసిందే. కొత్త బ్యాండును వెతుక్కోవడానికి మాత్రం చేతిలో ఫోను చాలు. అందులో రెండు దారులున్నాయి.

మొదటిది పాటల యాప్ ఇచ్చే సలహా. నిర్వాణ బ్యాండు పాట ఒకటి పెడితే పెర్ల్ జామ్, సౌండ్‌గార్డెన్, ఆలిస్ ఇన్ చెయిన్స్ బ్యాండ్లు వాటంతటవే వరుస కడతాయి. అన్నీ మంచివే. పైగా పైసా శ్రమ లేదు. గ్రంజ్ ఇప్పుడే మొదలుపెట్టినవారికి ఇంతకంటే ఏమీ అక్కర్లేదు. అయితే ఈ పాట విన్నవాళ్లు ఇంకేమి విన్నారన్నదే యాప్‌కు ముఖ్యమైన ఆధారం. పెద్దగా ఎవరూ వినని బ్యాండుకు ఆ లెక్కలో చోటు ఎక్కడిది?

రెండోది పేర్లు పట్టుకుని వెళ్లడం. క్యాసెట్ల కాలంలో మనవాళ్లు హీరో బొమ్మను వదిలి సంగీతం ఎవరు, రచన ఎవరు అని అట్ట తిప్పి చూసేవారు కదా, ఇదీ అదే. నిర్వాణ తొలి ఆల్బమ్ ‘బ్లీచ్’ 1989లో వచ్చింది. రికార్డింగ్ ఖర్చు సుమారు 606 డాలర్లు. రికార్డు చేసినవాడు సియాటిల్‌కు చెందిన జాక్ ఎండినో. ఆ ఎండినో స్వయంగా స్కిన్ యార్డ్ అనే బ్యాండులో గిటారిస్టు. అందులో డ్రమ్స్ వాయించిన బారెట్ మార్టిన్ తరువాత స్క్రీమింగ్ ట్రీస్ అనే బ్యాండులో చేరాడు. అలా మూడు అడుగుల్లో యాప్ చూపించని చోటికి చేరతాం.

వీటిలో స్కిన్ యార్డ్ మొరటు సరుకు, అందరికీ రుచించదు. నా ఓటు స్క్రీమింగ్ ట్రీస్‌కే. వారిది సియాటిల్ కాదు, క్యాస్కేడ్ కొండలకు అవతల, వానలు అంతగా అందని ఎలెన్స్‌బర్గ్ అనే చిన్న ఊరు. వర్షచ్ఛాయ అంటే ఏమిటో అనంతపురం వారికి వేరే చెప్పాలా! 1992లో వచ్చిన ‘స్వీట్ ఆబ్లివియన్’తో మొదలుపెట్టండి. గిటార్లలో అరవైల నాటి మత్తు, దాని అడుగున మార్క్ లానెగన్ బొంగురు గొంతు. ఎంత మోత ఉన్నా ఆ గొంతు తొందరపడదు, అరిచి మెప్పించాలని చూడదు. హెడ్‌ఫోన్లు లేకుండా పెడితే మాత్రం ఇంట్లో పెద్దవాళ్లు స్పీకరు చెడిపోయిందనుకుంటారు.

ఈ దారిలో చికాకులు లేకపోలేదు. యాప్‌లలో సాంకేతిక నిపుణుల పేర్లు తరచు సగమే ఉంటాయి, మిగిలినవి వేరే చోట వెతుక్కోవాలి. ఒక సాయంత్రమంతా తవ్వినా ఒక్క మంచి పాట దొరకకపోవచ్చు. ఎవరికీ తెలియదు కాబట్టి గొప్ప బ్యాండే అయ్యుంటుందనుకోవడం కూడా ఒక పిచ్చే. మరుగున పడ్డవాటిలో చాలావరకు న్యాయంగానే పడ్డాయి.

అయినా ఆ నాలుగు పెద్ద బ్యాండ్లనూ విన్నవారికి పేర్ల దారే మేలు. యాప్‌ను వదిలేయనక్కర్లేదు, దాని ముందు పెట్టే పాటను మార్చండి. నిర్వాణకు బదులు స్కిన్ యార్డ్ పాటతో మొదలుపెడితే అదే యాప్ ఇచ్చే వరుస వేరుగా ఉంటుంది. అందులో టాడ్, గ్రంట్రక్ లాంటి బ్యాండ్ల పేర్లు కనబడితే దాటవేయకండి. గ్రంట్రక్ గాయకుడు కూడా స్కిన్ యార్డ్ నుంచి వచ్చినవాడే.